అయస్కాంత క్షేత్రం, జంతువుల రక్తపోటు: ప్రయోగశాల ఫలితం ఎంతవరకు సలహా కాగలదు?

అయస్కాంతపు పట్టీ కట్టుకుంటే రక్తపోటు తగ్గుతుందా అన్న ప్రశ్న నిజానికి వైద్యుని ఎదుట పెట్టవలసినది. అయినా అది వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్త ముందుకు వచ్చే సందర్భాలు లేకపోలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. విత్తనాలను అయస్కాంత క్షేత్రంలో కొంతసేపు ఉంచితే మొలక వేగం పెరుగుతుందని ప్రచురించినవారు వ్యవసాయ శాస్త్రజ్ఞులే. సాగునీటి గొట్టానికి అయస్కాంతం బిగిస్తే దిగుబడి పెరుగుతుందనీ, ఆ నీరు తాగిన పశువు పాలు ఎక్కువ ఇస్తుందనీ చెప్పే పరికరాల విక్రేత కూడా రైతు దగ్గరకే వస్తాడు. విత్తనానికి, నీటికి, పశువుకు మేలు చేసినది మనిషికి మాత్రం ఎందుకు చేయదన్న తర్కం ఆ తరువాత దానంతట అదే నడుస్తుంది. దానికి దన్నుగా ఒక వాక్యం వచ్చి చేరుతుంది: జంతువులపై ప్రయోగాలు జరిగాయి, రక్తపోటు తగ్గింది.

ఆ వాక్యం పూర్తిగా అబద్ధమైతే విస్తరణ శాస్త్రవేత్త పని సులువయ్యేది. ప్రయోగాలు జరిగిన మాట నిజం. అవి పేరున్న పత్రికల్లో వచ్చిన మాట నిజం. కొన్నింటిలో రక్తపోటు తగ్గిన మాటా నిజమే. ఆ ప్రయోగాలు ఏమి చెప్పాయో చూడకుండా ఇదంతా బూటకమని కొట్టివేసే శాస్త్రవేత్తకూ, సగం చదివి శాస్త్రం నిరూపించిందని చెప్పే విక్రేతకూ రైతు దృష్టిలో పెద్ద తేడా కనిపించదు. పైగా విక్రేత చేతిలో కనీసం ఒక కాగితం ఉంటుంది. కనుక ఆ కాగితాలలో ఏముందో ముందు చూడవలసి ఉంది.

కాలంతో పాటు బలం గాని దిశ గాని మారని క్షేత్రాన్ని స్థిర అయస్కాంత క్షేత్రం అంటారు. శాశ్వత అయస్కాంతం చుట్టూ ఉండేది ఇదే. తీగచుట్టలో ఏకముఖ విద్యుత్తు ప్రవహించినప్పుడు ఏర్పడేదీ ఇదే. విద్యుత్ లైన్ల చుట్టూ ఉండే, ఎడతెగక దిశ మారుతుండే క్షేత్రం వేరు. ఒకదాని ఫలితాలను మరొకదానికి అంటగట్టరాదు. దక్షిణ భారతంలో భూమి సహజ క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లా, అంటే ఒక మిల్లీటెస్లాలో దాదాపు ఇరవై అయిదో వంతు. ప్రయోగాల్లో వాడిన బలాలు ఎంతటివో ఈ కొలతతో పోల్చి చూస్తే అర్థమవుతుంది.

ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించబడే పని జపాన్‌కు చెందిన ఒకానో, ఓకుబోలది. 2001లో ‘బయోఎలక్ట్రోమాగ్నెటిక్స్’ పత్రికలో వారు ప్రచురించిన ప్రయోగంలో మెలకువగా ఉన్న కుందేళ్ల చెవికి 1 మిల్లీటెస్లా క్షేత్రాన్ని 30 నిమిషాల పాటు తాకించారు. అంతకుముందు కొన్ని కుందేళ్లకు రక్తనాళాలను విప్పార్చి పోటును తగ్గించే నికార్డిపిన్ ఇచ్చారు. మరికొన్నింటికి శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ తయారీని అడ్డుకొని, నాళాలను బిగించి, పోటును పెంచే మందు ఇచ్చారు. ఫలితం ఆసక్తికరమైనది. పోటు పెరిగినచోట అయస్కాంతం ఆ పెరుగుదలను కొంత తగ్గించింది. పోటు తగ్గినచోట ఆ తగ్గుదలను కూడా కొంత అడ్డుకుంది. అంటే అది రక్తపోటును తగ్గించే సాధనంగా పనిచేయలేదు. మందు ఎటు లాగితే దానికి ఎదురు దిశలో స్వల్పంగా లాగింది.

విక్రేత పత్రంలో ఈ రెండో సగం ఉండదు. ఉంటే రక్తపోటు తగ్గించే మందు వేసుకుంటున్న వ్యక్తి అయస్కాంతం కట్టుకోవచ్చునా అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. నికార్డిపిన్ కాల్షియం మార్గాలను అడ్డుకునే మందుల వర్గానికి చెందినది. గ్రామీణ ప్రాంతాల్లో సైతం రక్తపోటుకు విరివిగా వాడే ఆమ్లోడిపిన్‌దీ అదే వర్గం. కుందేలు చెవిలో కనిపించిన స్వల్ప మార్పును మనిషికి ప్రమాదంగా చిత్రించడం అతిశయోక్తి అవుతుంది. కాని ఆ మార్పునే మేలుగా చిత్రించడం అంతకన్నా పెద్ద అతిశయోక్తి.

అదే బృందం పుట్టుకతోనే రక్తపోటు పెరిగే ఎలుకలపైనా పనిచేసింది. ఈ ఎలుకల జాతిని 1963లో క్యోటో విశ్వవిద్యాలయంలో ఒకామోటో, ఆవోకి రూపొందించారు. రక్తపోటు మందుల పరీక్షలో దీనికి, తెగుళ్ల పరిశోధనలో సులభంగా తెగులు సోకే రకానికి ఉన్నంత ప్రాధాన్యం ఉంది. ఆ ఎలుకలను చిన్న వయసు నుండి 12 వారాల పాటు కొన్ని మిల్లీటెస్లాల నుండి 25 మిల్లీటెస్లాల వరకు బలం గల క్షేత్రాల్లో పెంచినప్పుడు రక్తపోటు పెరుగుదల కొన్ని వారాల పాటు మందగించింది. రక్తంలో యాంజియోటెన్సిన్, ఆల్డోస్టెరోన్ స్థాయిలు కూడా తగ్గాయి. మందగించింది అన్నది ఇక్కడ ముఖ్యమైన మాట. వ్యాధి నయమైందని ఆ శాస్త్రజ్ఞులు అనలేదు. స్లొవేకియాకు చెందిన గ్మిత్రోవ్ కుందేళ్ల మెడలో, రక్తపోటును పసిగట్టి మెదడుకు తెలిపే నాడీ కేంద్రాల మీద 0.35 టెస్లా క్షేత్రాన్ని ప్రయోగించి, పోటును సరిదిద్దే ప్రతిచర్య చురుకుదనం పెరిగిందని నివేదించారు. ఇదీ సర్దుబాటుకు సంబంధించిన ఫలితమే.

2007లో మెకే, ప్రాటో, థామస్ ఈ సాహిత్యాన్ని ఒకచోట చేర్చి సమీక్షించారు. అయస్కాంత క్షేత్రాలకు, సూక్ష్మ రక్తనాళాలకు సంబంధించి వారు లెక్కలోకి తీసుకున్న 27 అధ్యయనాలలో 10 నాళాలు విప్పారాయని గాని, రక్తప్రవాహమో రక్తపోటో పెరిగిందని గాని చెప్పాయి. 3 తగ్గిందని చెప్పాయి. 4 ఏ మార్పూ లేదన్నాయి. మిగిలిన 10 అధ్యయనాలు నాళం ముందుగా బిగిసి ఉందా, విప్పారి ఉందా అన్నదానిని బట్టి ఫలితం అటో ఇటో ఉంటుందని తేల్చాయి. ఒక కొత్త ఎరువుపై 27 క్షేత్ర ప్రయోగాలు జరిగి ఫలితాలు ఈ విధంగా చీలిపోతే ఏ విశ్వవిద్యాలయమూ దానిని పంటల సాగు సిఫారసుల్లో చేర్చదు. నేల స్థితిని బట్టి ఫలితం మారుతోంది, ఆ స్థితి ఏమిటో ముందు తేల్చండి అని పరిశోధన సలహా సంఘం తిప్పి పంపుతుంది. అయస్కాంతం విషయంలోనూ అడగవలసినది అంతే.

ఇక రక్తంలో ఇనుము ఉంది కాబట్టి అయస్కాంతం దానిని లాగుతుందన్న వివరణ. ఇది విద్యార్థుల నోట కూడా వినిపిస్తుంది కాబట్టి ప్రస్తావించక తప్పదు. హీమోగ్లోబిన్‌లోని ఇనుము మేకులోని ఇనుము వంటిది కాదు. 1936లో పాలింగ్, కోరియెల్ చూపినట్లు, ఆక్సిజన్ పట్టిన హీమోగ్లోబిన్‌ను అయస్కాంతం లాగదు సరికదా, అతి స్వల్పంగా నెడుతుంది. ఆక్సిజన్ వదిలిన హీమోగ్లోబిన్‌ను బలహీనంగా ఆకర్షిస్తుంది. ముంజేతి పట్టీలోని అయస్కాంతం ప్రవహించే రక్తాన్ని లాగి పరుగెత్తించగలిగినంత బలం ఈ రెండింటిలో దేనికీ లేదు. పట్టీ వేసుకున్నచోట చర్మం ఎర్రబడితే దానికి బిగుతు, చెమట, వేడి చాలు.

బలమైన క్షేత్రాల్లో పనిచేసే యంత్రాంగం మరొకటి ఉంది. రక్తం లవణాలు కరిగిన ద్రవం, అంటే విద్యుద్వాహకం. వాహకం అయస్కాంత క్షేత్రాన్ని అడ్డంగా దాటుతూ ప్రవహిస్తే అందులో విద్యుత్ పీడనం పుడుతుంది, ప్రవాహానికి కొంత నిరోధమూ ఏర్పడుతుంది. ఎంఆర్‌ఐ యంత్రంలో ఉన్న వ్యక్తి ఈసీజీలో ఒక తరంగం ఉబ్బినట్లు కనిపించేది ఇందువల్లనే. ఈ నిరోధం వల్ల పోటు ఎంత మారుతుందో కెల్ట్‌నర్, ఆయన సహచరులు 1990లో లెక్కగట్టారు: 10 టెస్లా క్షేత్రంలోనూ మార్పు 0.2 శాతానికి లోపే. మనుషులపై కొలత కూడా ఉంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 25 మంది ఆరోగ్యవంతులను 8 టెస్లా క్షేత్రంలో ఉంచి 2003లో ఫలితాలు ప్రచురించారు. వారిలో పై రక్తపోటు సగటున 3.6 మిల్లీమీటర్ల పాదరసం మేర మారింది. ఆ మార్పు తగ్గుదల కాదు, పెరుగుదల. కూర్చున్న మనిషి లేచి నిలబడితే కలిగే మార్పు కన్నా అది పెద్దది కాదు.

1 మిల్లీటెస్లా నుండి 8 టెస్లా వరకు అంటే 8,000 రెట్లు. ఎకరాకు 1 కిలో యూరియా వేసిన ప్రయోగాన్నీ 8 టన్నులు వేసిన ప్రయోగాన్నీ కలిపి, యూరియా ప్రభావం అని ఒకే శీర్షిక కింద చెప్పే విద్యార్థిని ఏ పరీక్షకుడూ ఉత్తీర్ణుని చేయడు. కాని అయస్కాంతం అన్న ఒక్క పదం కింద ఇంత దూరపు ఫలితాలు కలిసిపోతున్నాయి. మోతాదు అంటే బలం ఒక్కటే కూడా కాదు. ఎంతసేపు, ఏ దిశలో, శరీరంలో ఏ భాగానికి, ఆ భాగంలో ఒక కొన నుండి మరొక కొనకు బలం ఎంత మారుతోంది అన్నవన్నీ మోతాదులో భాగాలే.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. చిన్న అయస్కాంతం నుండి దూరం జరిగే కొద్దీ క్షేత్రం ఎంతో వేగంగా బలహీనపడుతుంది. అయస్కాంతం పరిమాణంతో పోలిస్తే దూరం ఎక్కువైన చోట, దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎలుక మెడలో ధమని చర్మానికి కొన్ని మిల్లీమీటర్ల లోపలే ఉంటుంది. గేదె మెడలో దళసరి చర్మం, కొవ్వు, కండరం దాటి గాని ధమని రాదు. పట్టీ ఉపరితలంపై ముద్రించిన గాస్ సంఖ్య ధమని దగ్గర ఏమాత్రం మిగులుతుందో ఎవరూ చెప్పరు. ఎలుకకు సరిపోయిన పట్టీనే పెద్దదిగా కుడితే గేదెకు సరిపోదు.

పశువుల రక్తపోటు విషయంలో ఇంకో అడ్డంకి ఉంది. గ్రామస్థాయి పశువైద్యంలో గేదెకు గాని ఆవుకు గాని రక్తపోటు కొలవడం నిత్యకృత్యం కాదు, అధిక రక్తపోటు అన్న నిర్ధారణతో చికిత్స జరగడమూ అరుదు. పశువుల్లో పోటు నిజంగా ఆర్థిక సమస్యగా మారిన సందర్భం ఒకటి ప్రసిద్ధం: అమెరికాలో కొలరాడో వంటి ఎత్తైన ప్రాంతాల్లో ప్రాణవాయువు కొరత వల్ల ఊపిరితిత్తుల ధమనుల్లో పోటు పెరిగి, గుండె కుడి భాగం విఫలమై, గంగడోలు ప్రాంతంలో నీరు చేరుతుంది. అక్కడి పెంపకందారులు ఆ పోటును కొలిపించి ఆంబోతులను ఎంపిక చేసుకుంటారు. తీర మైదానాల్లో, దక్కన్ పీఠభూమిలో ఆ సమస్య లేదు. కొలవని పోటును తగ్గించామని చెప్పడానికి మాత్రం ఏ అడ్డంకీ ఉండదు.

వ్యవసాయ శాస్త్ర విద్యార్థి ఈ పత్రాలను చదవడానికి జంతు శరీరధర్మ శాస్త్రంలో నిపుణుడు కానవసరం లేదు. అతనికి క్షేత్ర ప్రయోగ రచన తెలుసు; అది చాలావరకు సరిపోతుంది. పంజరం అంటే మడి. పంజరాలున్న అర అంటే నేల సారంలో తేడా గల పట్టె. పై అరలో వెలుతురు ఎక్కువ, కింది అరలో తక్కువ. తలుపు పక్కన శబ్దం ఎక్కువ. అయస్కాంతం ఉన్న పంజరాలన్నీ ఒక అరలో, లేనివన్నీ మరొక అరలో ఉంటే కొలిచినది అయస్కాంతాన్నా, అరనా? రోథమ్‌స్టెడ్‌లో ఫిషర్ మడుల గురించి చెప్పిన యాదృచ్ఛిక కేటాయింపు పంజరాలకూ వర్తిస్తుంది. ఒకే తీగచుట్ట మధ్యలో పది ఎలుకలను ఉంచితే పునరావృతాలు పది అవుతాయా, ఒకటేనా? ఒకే మడిలో పది మొక్కలను కొలిచి పది పునరావృతాలుగా చూపడం తప్పని విద్యార్థులకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. 1984లో హర్ల్‌బర్ట్ ఈ పొరపాటుకు మిథ్యా పునరావృతం అన్న అర్థం వచ్చే పేరు పెట్టిన తరువాత కూడా అది ఆగలేదు. పైన చెప్పిన 2001 నాటి ప్రయోగంలో 34 కుందేళ్లపై 180 పరీక్షలు జరిగాయి. 34, 180 సంఖ్యల్లో విశ్లేషణకు ఆధారం ఏది, ఒకే కుందేలు మళ్లీ మళ్లీ వచ్చిన సంగతిని గణాంకం ఎలా లెక్కించింది అన్నది పత్రం తెరిచిన ప్రతి విద్యార్థీ అడగవలసిన మొదటి ప్రశ్న.

కొలత సంగతి అంతకన్నా సున్నితం. ఎలుక రక్తపోటును సాధారణంగా తోకకు పట్టీ చుట్టి కొలుస్తారు. అందుకు ఎలుకను గొట్టంలో కదలకుండా బంధించాలి, తోకలో నాడి అందడానికి వెచ్చబరచాలి. బంధిస్తే భయంతో పోటు పెరుగుతుంది. వెచ్చబరిస్తే నాళాలు విప్పారతాయి. క్షేత్రాన్ని విద్యుత్ తీగచుట్టతో సృష్టిస్తే ఆ చుట్ట కూడా వేడెక్కుతుంది. కాబట్టి పోలిక గుంపుకు ఖాళీ పంజరం సరిపోదు. తీగచుట్టల్లో విద్యుత్తు ఎదురెదురు దిశల్లో నడిపి, వేడి ఉండి క్షేత్రం లేని అమరిక కావాలి. శాశ్వత అయస్కాంతమైతే అదే బరువు, అదే ఆకారం గల అయస్కాంతీకరించని లోహపు ముక్క కావాలి. కొలిచే వ్యక్తికి ఏది ఏ గుంపో తెలియరాదు. ఈ చివరి నియమానికి అయస్కాంతంతోనే చుట్టరికం ఉంది. 1784లో ఫ్రాన్స్ రాజు నియమించిన సంఘం, అందులో ఫ్రాంక్లిన్, లవాజియే సభ్యులు, మెస్మర్ ప్రచారం చేసిన జంతు అయస్కాంతత్వాన్ని పరీక్షించింది. అయస్కాంతీకరించామని చెప్పిన చెట్టు ఏదో తెలియని బాలుడు మరొక చెట్టు దగ్గరే స్పృహ తప్పాడు. ఎలుకకు నమ్మకం ఉండదు కాబట్టి ఈ జాగ్రత్త అక్కరలేదని కొందరి వాదన. నమ్మకం ఎలుకకు ఉండదు, నిజమే. తోకపట్టీ అంకె చదివే విద్యార్థికి ఉంటుంది.

విత్తనాల పరిశోధనకు ఈ సందర్భంలో న్యాయం చేయవలసి ఉంది. భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన వశిష్ఠ, నాగరాజన్ 2008లో శనగ విత్తనాలపై ప్రచురించిన పనిలో 250 మిల్లీటెస్లాల వరకు వివిధ బలాలను, వివిధ కాలవ్యవధులతో కలిపి పరీక్షించారు. మొలక, మొలక వేగం, నారు పొడవు, పొడి బరువు మెరుగుపడ్డాయి. మోతాదును ఇంత స్పష్టంగా చెప్పడం మెచ్చుకోదగినది. అయినా మొలక పళ్లెం నుండి ఎకరా దిగుబడికి ఉన్న దూరం, ఎలుక తోక నుండి మనిషి చేతికి ఉన్న దూరం వంటిదే. అక్కడి ఫలితాన్ని ఇక్కడికి సాక్ష్యంగా తేవడం ఎంతమాత్రం చెల్లదు. విత్తనంలో రక్తనాళాలు లేవు.

అయస్కాంతం పశువుకు నిస్సందేహంగా ఉపయోగపడే సందర్భం ఒకటుంది. మేతతో పాటు మేకులు, తీగముక్కలు మింగిన ఆవు కడుపులోని రెండో అరలో అవి చేరి, గోడను చీల్చి, గుండె పొర దాకా గుచ్చుకుంటాయి. దీనిని నివారించడానికి కొన్ని దేశాల పాడి క్షేత్రాల్లో ఆవుచేత వేలెడంత అయస్కాంతాన్ని మింగిస్తారు. అది జీవితాంతం అక్కడే ఉండి ఇనుప ముక్కలను పట్టి ఉంచుతుంది. ఆ అయస్కాంతం పనిచేసేది ఇనుము మీద, అదీ ముట్టుకునేంత దగ్గర నుండి. పశువులకు అయస్కాంతం మంచిదని చెప్పే విక్రేతకు ఈ ఉదాహరణ ఎందుకో గుర్తుకు రాదు.

ఇన్ని చూసిన తరువాత విస్తరణ శాస్త్రవేత్త తీసుకోదగిన వైఖరి ఏది? ప్రభావం లేదని చెప్పడం తగదు. కుందేళ్లు, ఎలుకల ఫలితాలు కొన్ని జాగ్రత్తగా చేసినవే, వాటికి వివరణ ఇంకా వెతకవలసినదే. ప్రభావం ఉందని చెప్పడమూ తగదు. చెప్పదగినది ఒక్కటే: మందు స్థానంలో వాడమని చెప్పడానికి ఆధారం లేదు. ఈ మాట మెత్తగా చెప్పకూడదు. అధిక రక్తపోటుకు నొప్పి ఉండదు. మాత్ర మానిన రైతుకు మరునాడు ఏ తేడా తెలియదు. తెలిసేది పక్షవాతం వచ్చిననాడు. పట్టీ కట్టుకుంటే కట్టుకోనివ్వండి, మాత్ర మాత్రం మానవద్దు అన్న రాజీ సలహా కూడా అందరికీ పనికిరాదు. గుండెలో పేస్‌మేకర్ అమర్చుకున్నవారి ఛాతీ దగ్గరకు అయస్కాంతం వస్తే ఆ పరికరం పనితీరు మారుతుంది. ఎంఆర్‌ఐ గదుల వద్ద 0.5 మిల్లీటెస్లా గీత గీసి వారిని ఆపేది అందుకే.

చట్టం గురించి విస్తరణ సిబ్బందికి తెలిసి ఉండాలి. 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం అధిక, అల్ప రక్తపోటులను తన జాబితాలో చేర్చింది. వాటిని నయం చేస్తామన్న ప్రకటనలను నిషేధించింది. ఆ చట్టంలో మందు అన్న మాటకు ఉన్న నిర్వచనం విశాలమైనది: మనుషుల లేదా జంతువుల శరీర క్రియలను ప్రభావితం చేయడానికి ఉద్దేశించిన, ఆహారం కాని ఏ వస్తువైనా అందులోకి వస్తుంది. అయస్కాంతపు పట్టీ అందుకు మినహాయింపు కాదు. కనుక విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు నిర్వహించే రైతు ప్రదర్శనల్లో అంగడి కేటాయించే ముందు విక్రేత కరపత్రాలను చదవడం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. కరపత్రంలో రక్తపోటు అన్న మాట ఉంటే ఆ అంగడికి స్థలం ఇవ్వరాదు. విశ్వవిద్యాలయం పేరున్న తెర కింద నిలబడి అమ్మిన వస్తువుకు విశ్వవిద్యాలయం హామీ ఉన్నట్లే రైతు భావిస్తాడు.

అలాగని స్నాతకోత్తర విద్యార్థులు ఈ అంశాన్ని ఎంచుకుంటే నిరుత్సాహపరచడం సరికాదు. అయస్కాంతీకరించిన నీరు, విత్తనం, పశువు అన్న మూడింటిలో దేనిపైనైనా పని చేయనివ్వవచ్చు. కాని ప్రబంధ ప్రతిపాదన ఆమోదానికి వచ్చినప్పుడు సలహా సంఘం కొన్నింటిపై పట్టుబట్టాలి. తయారీదారు ముద్రించిన సంఖ్యను నకలు చేయకుండా, విత్తనం లేదా జంతువు ఉన్న స్థానంలో గాస్‌మీటరుతో కొలిచిన బలాన్ని మిల్లీటెస్లాల్లో ఇవ్వాలి. పంజరం, కుండీ లేదా మడి, వీటిలో ప్రయోగ ప్రమాణం ఏదో ముందే రాయాలి. ఉష్ణోగ్రతను రెండు గుంపుల్లోనూ నమోదు చేయాలి. అయస్కాంతీకరించని నకలు ముక్కను ఎవరు తయారు చేశారో, సంకేత సంఖ్యల తాళం ఎవరి దగ్గర ఉందో పేర్కొనాలి. ఆ వ్యక్తి కొలతలు తీసే విద్యార్థి గాని, అతని మార్గదర్శకుడు గాని కారాదు. అరల మీద పంజరాల స్థానాలు ఏ తేదీన ఎలా మార్చారో రాసిన నమోదు పుస్తకం ప్రబంధంతో పాటు బయటి పరీక్షకుని ముందుకు రావాలి.